సాక్షి లేని దెబ్బ

చిత్తూరు పట్టణమునకు సుమారు 11 కిలోమీటర్ల దూరమున, ఐరాల మండలములో, బాహుదానది యొడ్డున కాణిపాకము అను గ్రామము కలదు. అచ్చటి వరసిద్ధి వినాయకుని సన్నిధి సత్యప్రమాణములకు ప్రసిద్ధి కెక్కినది. అప్పు తీర్చితినని ఒకడును, తీర్చలేదని మరియొకడును వాదులాడుకొనునప్పుడు, సాక్ష్యము దొరకని ఆ తగవును గ్రామపెద్దలు “కాణిపాకము పోయి ప్రమాణము చేయుము” అను ఒక్క మాటతో తేల్చివేయుదురు. ఊరిలో గొంతు చించుకొని వాదించినవాడును కోనేట మునిగి తడిబట్టలతో దేవుని యెదుట నిలువవలసి వచ్చినప్పుడు జంకును.

ఆ నది పేరును గూర్చి మహాభారతమున ఒక కథ కలదు. శంఖుడు, లిఖితుడు అను అన్నదమ్ములు వేరువేరు ఆశ్రమములలో తపస్సు చేసికొనుచుండిరి. ఒకనాడు లిఖితుడు అన్నను చూడబోయి, అతడు లేని సమయమున అచ్చటి చెట్ల పండ్లు కోసికొని తినెను. శంఖుడు తిరిగివచ్చి, అడుగక తినుట దొంగతనమే యనియు, రాజునొద్దకు పోయి శిక్ష పొందుమనియు చెప్పెను. సుద్యుమ్న మహారాజు క్షమింపబోయినను లిఖితుడు ఒప్పుకొనక శిక్షనే కోరి చేతులను పోగొట్టుకొనెను. పిదప నదిలో మునుగగా అవి మరల వచ్చెను. బాహువుల నిచ్చినది గనుక ఆ నది బాహుద యయ్యెను. ఆ నది ఇదియేనని కాణిపాకపు స్థలపురాణము చెప్పును.

ఎవరును నిలదీయకున్నను తన తప్పును తానే చెప్పి శిక్షను కోరుకొనుట పురాణములలోనే కాక నేటి ఆటస్థలములలోను అప్పుడప్పుడు కానవచ్చును. అందును ముఖ్యముగా గోల్ఫు ఆటలో.

ఈ ఆట స్కాట్లండు దేశమున వృద్ధిపొందినది. తెలుగునాట దీనికి మైదానములు కొలదిగనే కలవు. హైదరాబాదున గోల్కొండ కోట చెంత నొకటియు, విశాఖపట్నమున నొకటియు అట్టివి. విశాలమైన పచ్చికబయలులో దూరదూరముగా 18 గుంటలుండును. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు మాత్రమే. 46 గ్రాముల బరువైనను లేని చిన్నబంతిని కర్రతో కొట్టుచు పోయి ఒక్కొక్క గుంటలో వేయవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవాడే గెలుచును. ఆటగాండ్రు మైదానమంతట చెదరియుందురు గనుక ప్రతివాని వెనుకను తీర్పరి యొకడు నడువడు. తన దెబ్బలను తానే లెక్కించుకొనవలెను.

దెబ్బ కొట్టుటకై కర్రను వెనుకకెత్తి విసరుటను స్వింగు అందురు. బిళ్ళంగోడు ఆడిన బాలుడు బలమంతయు మణికట్టులోనే యున్నదనుకొనును. గోల్ఫునందు అట్లు కాదు. చెరకుగానుగను ఎడ్లు త్రిప్పునప్పుడు నడిమి కంబము తన చోటు విడువక యుండగా దూలము చుట్టును తిరుగును గదా. ఇచ్చట వెన్నెముకయే ఆ కంబము. కుడిచేతివాటముగలవాడు కర్రను వెనుకకెత్తునప్పుడు భుజములు ఇంచుమించు 90 డిగ్రీలు తిరుగును. నడుము అందులో సగము తిరుగును. క్రిందికి దించునప్పుడు మొదట కదలవలసినది చేతులు కావు, నడుము. దాని వెంబడి భుజములు, వాని వెంబడి చేతులు, కట్టకడపట కర్ర రావలెను. తొందరపడి చేతులతోనే మొదలుపెట్టినచో బంతి ప్రక్కదారి పట్టును. పిడికిలి బిగించినకొలది మణికట్టు బిగిసి వేగము తగ్గుట క్రొత్తవారికి వింతగా తోచును.

దూరమున కొట్టుట చూపరులకు ఇంపుగా నుండును గాని, గెలుపోటములను తరచుగా నిర్ణయించునది గుంటకు దగ్గర నుండి కొట్టు పిచ్ దెబ్బయే. ఇందు బంతి పైకి లేచి, ఎక్కువదూరము గాలిలో పోయి, నేలను తాకిన పిదప కొద్దిగా దొర్లి ఆగవలెను. దీనికి వెడ్జి అను కర్రలను వాడుదురు. వాని ముఖము వెనుకకు వాలియుండును. పిచింగ్ వెడ్జికి ఆ వాలు సుమారు 46 డిగ్రీలు. ఇసుకలోనుండి కొట్టు శాండ్ వెడ్జికి సుమారు 54 నుండి 56 డిగ్రీలు. బంతిని పైకి లేపవలెనని క్రొత్తవాడు కర్రను గరిటెవలె క్రిందినుండి ఎత్తబోవును. అప్పుడు కర్ర బంతికి వెనుకనే నేలను గ్రుచ్చుకొనును, లేదా దాని అంచు బంతి నడుమను తగిలి, బంతి నేలబారుగా దూసుకొనిపోవును. లేపు పనిని కర్ర వాలునకు విడిచి, ఆటగాడు క్రిందికే కొట్టవలెను. బంతి ఆ వాలుపై ఎగబ్రాకి, వెనుకకు గిరగిర తిరుగుచు లేచును. ఆ తిరుగుడుచేతనే అది నేలపై పడినంతనే నెమ్మదించును.

దూరమును కుదించుటకై కర్ర బంతిని తాకువేళ చేతిని మెల్లగా చేయుట మరియొక పొరపాటు. పొలముగట్టుకు ఈవల నిలిచి ఆవలనున్న గంపలోనికి నిమ్మకాయను విసరు పిల్లవానిని చూడవలెను. గంప దగ్గరగా నున్నచో చేతిని కొంచెమే వెనుకకు తీయును, దూరముగా నున్నచో ఎక్కువ తీయును. విసరుచు విసరుచు నడుమ చేతిని ఆపడు. నాసాలో శాస్త్రజ్ఞుడుగా పనిచేసి పిదప గోల్ఫు బోధకుడైన డేవ్ పెల్జ్ ఈ కొలతను గడియారముతో నేర్పెను. ఎడమచేయి గడియారపు ముల్లనుకొని, దానిని ఏడున్నర, తొమ్మిది, పదిన్నర గంటల చోటులకు మాత్రమే ఎత్తి కొట్టి, ఏ యెత్తునకు బంతి ఎంత దూరము పోవునో గుర్తుంచుకొనవలెను.

దెబ్బ సరియైనదో కాదో చెప్పుటకు నేలపై పడిన గాటు చాలును. బంతి యున్న చోటికి ముందుప్రక్కను గాటు పడినచో దెబ్బ సరియైనది. వెనుకప్రక్కనే మొదలైనచో కర్ర ముందుగా మన్నును తాకినది. కాని పలువురు గాటు వంక చూడక, గాలిని నిందించి నడచిపోవుదురు. వారికి ఈ విద్య ఎన్నేండ్లకును పట్టుపడదు.

నేటి ప్రసిద్ధ ఆటగాండ్రలో సాహిత్ తీగల తెలుగు కుటుంబమువాడు. తల్లిదండ్రులు భారతదేశమునుండి అమెరికాకు వలసపోయిరి. అతడు 1997లో కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. అతని వెన్నెముకలో ఒకింత వంకర కలదు. నడిమి కంబమే వంగినప్పుడు స్వింగు పుస్తకములలోని బొమ్మవలె ఉండదు గదా! అతడు తన శరీరమునకు తగిన స్వింగునే సాధనచేసి చక్కదిద్దుకొనెను. 2023 ఏప్రిల్‌లో మాస్టర్స్ పోటీలో మొదటిసారి ఆడి, కడపటినాడు 16వ గుంట వద్ద పచ్చిక వెలుపలినుండి మెల్లగా కొట్టిన బంతి ఏటవాలున వంపు తిరిగి గుంటలో పడగా, తొమ్మిదవ స్థానమును ఇతరులతో పంచుకొనెను. ఆ సెప్టెంబరులోనే ఫార్టినెట్ పోటీని గెలిచెను.

మరుసటి యేడు, 2024 ఆగష్టు 31న, అట్లాంటా నగరమున టూర్ ఛాంపియన్‌షిప్ మూడవనాటి ఆట జరుగుచుండెను. మూడవ గుంటకు పోవుదారిలో సాహిత్ బంతి బంకరు అను ఇసుకగుంటలో పడెను. బంకరులో కర్రను వెనుకకెత్తునప్పుడు అది ఇసుకను తాకరాదు. ఇసుక మెత్తనిదో గట్టిదో ముందుగా పరీక్షించుటకు వీలు లేకుండుటకే ఈ నియమము. తాకినచో రెండు దెబ్బల శిక్ష. సాహిత్ కొట్టిన దెబ్బను ఎవరును ఆక్షేపింపలేదు. కాని కర్ర వెనుకకు పోవునప్పుడు కొన్ని ఇసుకరేణువులు కదలినట్లు అతనికి తోచెను. తోడి ఆటగానికిని, అధికారికిని ఆ సంగతి తానే చెప్పి, రెండు దెబ్బలను తన లెక్కలో వ్రాయించుకొనెను.

మరునాడు పోటీ ముగిసెను. స్కాటీ షెఫ్లర్ ప్రథముడయ్యెను. కోలిన్ మొరికావా రెండవవాడు, సాహిత్ మూడవవాడు. మొరికావాకును సాహిత్‌కును నడుమ తేడా సరిగా రెండు దెబ్బలు. రెండవ బహుమానము 1 కోటి 25 లక్షల డాలర్లు. మూడవది 75 లక్షల డాలర్లు. ఆ రెండు దెబ్బలు లేకున్నచో లెక్క ప్రకారము ఇరువురును సమానముగా నిలిచి, ఒక్కొక్కరు కోటి డాలర్లు పొందియుండెడివారు.