కోరంగి మడఅడవిలో ఒక పగలు

అడవి చూడాలంటే మారేడుమిల్లి ఘాటీ ఎక్కాలని మా కోనసీమవాళ్ళ నమ్మకం. కొబ్బరితోట తప్ప మరో చెట్టుగుంపు ఎరగం. గౌతమి దాటి ఒక్క గంట పోతే, రోజుకు రెండుసార్లు సముద్రం వచ్చి కడిగిపోయే అడవి ఒకటుందంటే మా లెక్కల మాస్టారు కూడా నమ్మలేదు. చివరికి ఒక ఆదివారం నలుగురం బయల్దేరాము.

నలుగురమూ అమలాపురంలో కలిసి చదువుకున్నవాళ్ళమే. ఒకడు బ్యాంకు, ఒకడు హైస్కూలు, ఒకడు కాట్రేనికోనవైపు మూడెకరాల ఆసామీ. నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. వెనక సీట్లో పులిహోర, దధ్యోదనం, ఒక సీసాడు ఆవకాయ. అడవికి పోతున్నామో అత్తవారింటికి పోతున్నామో తెలియలేదు.

ముమ్మిడివరం, మురమళ్ళ దాటి యెదుర్లంక వంతెన ఎక్కాము. 2002 నుంచి యిది బాలయోగి వారధి. చిన్నప్పుడు పంటుమీద దాటిన రేవు క్రిందుగా కనబడుతుంటే, మా రైతు మిత్రుడు ఉన్నట్టుండి, "రేపు నా చేను రొయ్యల చెరువుకి కౌలుకిస్తున్నానురా. కాగితాలు రాసేశారు" అన్నాడు. ఎవరమూ మాట్లాడలేదు. యానాంలో పెసరట్లు తిన్నాము. ఆ పెసరట్లే మా కొంప ముంచాయి. పడవతను ఎనిమిదింటికి రమ్మంటే మేము చేరేసరికి పదిన్నర.

కోరంగి పేరు వినగానే నాకు పాత రేవు గుర్తుకొస్తుంది. ఒకప్పుడు ఇక్కడ ఓడలు కట్టేవారు. ఇక్కణ్ణుంచి మనవాళ్ళు బర్మా ఎంతగా వెళ్ళారంటే, రంగూనులో తెలుగువాణ్ణల్లా "కోరంగీ" అనే పిలిచేవారు. ఆ రేవును సముద్రం రెండుసార్లు మింగింది. 1789 డిసెంబరులో మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. సుమారు ఇరవై వేలమంది పోయారంటారు. మళ్ళీ లేచి నిలబడితే 1839 నవంబరులో మరో ఉప్పెన. ఆ తరువాత రేవు కోలుకోలేదు. తుపానుకు "సైక్లోను" అన్న పేరు పెట్టిన పిడింగ్టన్ దొర కలకత్తాలో కూర్చుని యీ కోరంగి ఉప్పెనల సంగతులు కూడా రాశాడు.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన యీ అడవి 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. చెక్కల బాటమీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలోంచి వేలకొద్దీ వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. మడచెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే. బురదలో గాలి ఆడదు కనుక వేరే పైకి వచ్చి ముక్కవుతుంది. తాగిన ఉప్పును ఆకుల మీదుగా కక్కేస్తుంది. ఒక ఆకు నాకి చూసి మా బ్యాంకువాడు, "ఆవకాయలో ఉప్పు తగ్గితే యిక్కడికి రావచ్చు" అన్నాడు. ఉప్పుపొన్న మరీ చిత్రం. గింజ చెట్టున ఉండగానే మొలకెత్తి, మూరెడు కర్రలా వేలాడి, అదను చూసి బురదలోకి దిగుతుంది. తిల్లచెట్టు జోలికి మాత్రం పోవద్దన్నారు. దాని పాలు కంట్లో పడితే చూపుకే మోసం. బావురుపిల్లి మాకు దర్శనమివ్వలేదు. నీటికుక్క ఒకటి తల పైకెత్తి, మమ్మల్ని చూసి, నచ్చక మునిగిపోయింది.

పడవెక్కి పాయలో అరగంట పోయామో లేదో, అడుగు బురదకు తగిలి ఆగిపోయింది. "పాటు తీసేసిందండి. పోటొచ్చేదాకా కదలదండి, ఆయ్" అన్నాడు పడవతను. నేను ఇరవై ఏళ్ళుగా క్లాసులో "ఆటుపోట్లు" అని చెబుతున్నవాణ్ణి. పాటు అనే మాటకు అర్థం ఆవేళ నడుం నొప్పిపుట్టేదాకా తెలిసింది.

గంటన్నర కదలకుండా కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి. 1996 నవంబరు 6. అప్పటికి మేము కాలేజీ కుర్రాళ్ళం. బలుసుతిప్ప, భైరవపాలెం వాళ్ళు ఎంతమంది వేటకుపోయి తిరిగిరాలేదో పడవతనే చెప్పాడు. తన మేనమామ కూడా ఆ లెక్కలోనివాడేనట. "మడ చిక్కగా ఉన్న చోట కెరటం విరిగిందండి. కొట్టేసిన చోట ఊళ్ళోకి వచ్చేసిందండి" అన్నాడు.

మా రైతు మిత్రుడు చాలాసేపు నీళ్ళకేసి చూశాడు. "ఆ రాత్రి మా తోటలో నూట ఇరవై చెట్లకు తెల్లారేసరికి పద్దెనిమిది నిలబడ్డాయి. నాన్న మళ్ళీ పాతాడు. కాపుకి వచ్చేసరికి ఏడేళ్ళు" అన్నాడు.

"మరి అవి పెరికించేస్తావా?" అన్నాను. అనకుండా ఉండవలసింది.

"రెండుపక్కలా చెరువులేరా. వాళ్ళ ఉప్పు నా చేలో ఊరుతోంది. నూతినీళ్ళు నోట పెట్టలేము. మట్ట ఎండుతోంది. నువ్వు జీతం తెచ్చుకుంటావు, నేనేం తెచ్చుకోను?"

లెక్కల మాస్టారు చట్టం ఎత్తాడు. ఆ తుపాను వచ్చిన నెలకే, 1996 డిసెంబరు 11న, సుప్రీంకోర్టు తీరాన్ని ఆనుకుని ఉన్న రొయ్యల చెరువులు తీసేయమన్నది. 2005లో వచ్చిన చట్టం వాటికి వేరే దారి చూపింది. ఈ చరిత్రతో మిత్రుడి నూతినీళ్ళు తియ్యనవుతాయా? మాస్టారే మధ్యలో ఆపేశాడు.

అప్పుడు పడవతను ఒడ్డుకేసి చెయ్యి చూపించాడు. సన్నని కాలువలు, వాటికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలువలు, అచ్చం చేపముల్లులా. పల్లంలో ఉప్పునీళ్ళు నిలిచిపోయి మడ చచ్చిన చోట్ల స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు అడవిశాఖతో, ఊళ్ళవాళ్ళతో కలిసి యిలాంటివే తవ్వించి మొక్కలు నాటించారు. పోటునీరు వచ్చి పోవడం మొదలైతే ఉప్పు తగ్గి మొక్క నిలుస్తుంది. మా రైతు మిత్రుడు లేచి నిలబడి, కాలువ లోతెంత, ఎంత ఎడం, ఎన్నాళ్ళకు పెరిగాయి అని ఒకటే ప్రశ్నలు. చేలో కాలువ వేరు, మడలో కాలువ వేరని అతనికీ తెలుసు. అయినా అడిగాడు.

ఇంతలో పడవ కదిలింది. హోప్ ఐలండ్ దాకా వెళ్ళే పొద్దు లేదు. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఆ ఇసుకదిబ్బను ఇంకోసారి చూడాలి. దధ్యోదనం పులిసిపోయింది.

తిరుగుదారిలో వంతెనమీద ఎవరూ మాట్లాడలేదు. కారు దిగుతూ అతనన్నాడు:

"రేపు పదింటికి వాళ్ళొస్తారు. నువ్వూ రారా. కాగితం తెలుగులోనే రాశారట, సంతకానికి ముందు ఒకసారి చదివిపెడుదువుగాని."

కాలేజీకి సెలవుచీటీ రాసి పెట్టాను.