పాట కింది నేల

నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో రైతు కోతలకు ముందే కల్లం సిద్ధం చేసుకొనేవాడు. మెట్ట పైర్లు పండే ఉదయగిరి వైపైనా, చెరువుల కింద వరి పండే ఆత్మకూరు వైపైనా పద్ధతి ఒక్కటే. రాళ్ళూ ముళ్ళూ ఏరి, గడ్డి చెక్కి, నీళ్ళు చల్లి, నేలను గట్టిపరచి, పేడనీళ్ళతో అలికి ఆరనిచ్చేవాడు. పండిన గింజ మట్టిపాలు కాకూడదన్నదే అతని తాపత్రయం. నూర్పిడి యంత్రాలు వచ్చిన తరువాత ఈ పని బాగా తగ్గింది. అయితే ఒక పని మొదలుకాకముందే ఆ పనికి తగిన నేలను సిద్ధం చేసుకోవాలన్న తెలివి మాత్రం పాతబడలేదు. పాటల చిత్రీకరణకు స్టూడియోలో నేలను సిద్ధం చేసే విధానాన్ని పరిశీలిస్తే ఈ సంగతి మనకు స్పష్టమవుతుంది.

తెరపై పాట చూసేటప్పుడు మన దృష్టి నర్తకుల ముఖాల మీద, దుస్తుల మీద, రంగుల మీద నిలుస్తుంది. వారి పాదాల కింద ఉన్నదేమిటో మనం గమనించం. గమనించకపోవడమే ఆ నేలను సిద్ధం చేసినవారి విజయం. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా, మరక పడినా, అతుకు కనబడినా వెంటనే మన కన్ను అక్కడికి పోతుంది.

సినిమా వాడుకలో ‘ఫ్లోరు’ అనే మాటకు విశేషార్థం ఉంది. నేల అనే కాక, చిత్రీకరణ జరిగే విశాలమైన మూసిన శాల మొత్తాన్ని ఫ్లోరు అనే అంటారు. స్టూడియో పెద్దదా చిన్నదా అని చెప్పవలసి వచ్చినప్పుడు, దానిలో ఎన్ని ఫ్లోర్లు ఉన్నాయన్నదే లెక్క. ఆంధ్రదేశంలో మొదటి స్టూడియోగా పేర్కొనే దుర్గా సినీటోన్ 1936లో రాజమహేంద్రవరంలో వెలసింది. ఆ తరువాత తెలుగు చిత్రాల నిర్మాణం చాలాకాలం మద్రాసులోనే సాగింది. అక్కడ 1948లో ప్రారంభమైన వాహినీ స్టూడియో ఆసియాలోని పెద్ద స్టూడియోల్లో ఒకటిగా పేరు పొందింది. దాని ఆవరణలో నేడు ఆసుపత్రి, వాణిజ్య సముదాయం ఉన్నాయి. హైదరాబాదులో 1976లో అన్నపూర్ణ స్టూడియో, ఆ నగర శివార్లలో 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ ఆరంభమయ్యాయి. స్టూడియోలు ఊళ్ళు మారాయి, యంత్రాలు మారాయి. నేలను సిద్ధం చేయవలసిన అవసరం మాత్రం మారలేదు.

ఈ పనిలో మొదటి మెట్టు కొలత. కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’ 1957లో విడుదలైంది. అందులో కనిపించే ద్వారకానగరం నిజానికి ఒక నమూనా. కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల పర్యవేక్షణలో 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలంలో సుమారు 300 చిన్న ఇళ్ళను తీర్చి, వాటికి విద్యుద్దీపాలు అమర్చారు. అంటే 3,000 చదరపు అడుగుల్లో ఒక మహానగరం ఇమిడింది. వీధులతో కలుపుకొని ఒక్కొక్క ఇంటికి దక్కినది సగటున పది చదరపు అడుగులు. ఏ ఇల్లు ఎక్కడ, ఏ వీధి ఎటు, ఏ తీగ ఏ దారిన అని ముందుగా నిర్ణయించుకోనిదే ఇటువంటి పని సాగదు. పాటకైనా అంతే. కెమెరా ఎక్కడ నిలుస్తుంది, నర్తకులు ఎంత మేర కదులుతారు, దీపాలు ఎంత దూరంలో ఉంటాయి అన్నవి ముందు కాగితం మీద గీసి, తరువాత సుద్దముక్కతో నేల మీదికి ఎక్కిస్తారు. మూలలు సరిగా కుదిరాయో లేదో తెలుసుకోవడానికి తాపీమేస్త్రీల పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. ఒక గీత మీద 3 అడుగులు, రెండవ గీత మీద 4 అడుగులు గుర్తించి, ఆ రెండు గుర్తుల నడుమ దూరం 5 అడుగులు వస్తే మూల సరిగా ఉన్నట్లే.

మామూలు సన్నివేశానికి కావలసిన నేల వేరు, పాటకు కావలసిన నేల వేరు. మాటల సన్నివేశంలో నటులు నిలబడతారు, నడుస్తారు, కూర్చుంటారు. పాటలో ఎగురుతారు, మోకాళ్ళ మీద వాలుతారు, గిరగిర తిరుగుతారు. అదీ ఒక్కసారి కాదు. ఒకే చరణాన్ని అనేక కోణాల నుంచి తీయవలసి ఉంటుంది గనుక, అవే అడుగులు రోజంతా వేస్తూనే ఉంటారు. ఎగిరి దిగిన ప్రతిసారీ కాలి మీద పడే తాకిడి శరీరపు బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. సిమెంటు నేల కొంచెమైనా లొంగదు. ఆ తాకిడినంతా చీలమండలు, మోకాళ్ళు, నడుము భరించాలి. ఒకనాటి నొప్పి మరునాటికి తగ్గవచ్చు. ఏళ్ళ తరబడి అదే నేల మీద ఆడితే నర్తకుని జీవనాధారమే దెబ్బతింటుంది.

పాటల చిత్రీకరణలోని మరొక రహస్యం ఈ కష్టాన్ని పెంచుతుంది. పాటను గాయకులు ముందుగానే వేరొక గదిలో పాడి ముద్రింపజేస్తారు. నెల్లూరు జిల్లావారైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1966లో నేపథ్యగాయకుడుగా ప్రవేశించింది అటువంటి ముద్రణశాలలోనే. ఆ పాటను ఫ్లోరులో వినిపిస్తూ ఉంటే నటులు పెదవులు కదుపుతూ ఆడతారు. దృశ్యం తెర మీద నెమ్మదిగా తేలిపోతున్నట్లు కనబడాలంటే సెకనుకు 24 చిత్రాలకు బదులు 48 చిత్రాలు తీస్తారు. అప్పుడు కదలిక తెరపై సగం వేగంతో సాగుతుంది. పెదవుల కదలిక పాటతో కలవాలి గనుక, ఫ్లోరులో పాటను రెట్టింపు వేగంతో వినిపిస్తారు. మనకు మబ్బులో తేలినట్లు కనబడే నర్తకి అక్కడ రెట్టింపు వేగంతో ఆడి ఉంటుందన్నమాట. ఆ వేగాన్ని తట్టుకోగల నేల కావాలి.

అందువల్ల సిమెంటు నేల మీద చెక్కనేలను పరుస్తారు. అడుగున రబ్బరు దిమ్మెలు, వాటిమీద సమాన దూరంలో కొయ్య రీపర్లు, ఆపైన రెండు వరుసల ప్లైవుడ్ పలకలు అమరుస్తారు. కింది వరుసలోని అతుకు మీద పై వరుసలోని అతుకు పడకుండా, ఇటుకల గోడ కట్టినట్లు తప్పించి పేర్చాలి. మరమేకుల తలలు చెక్క లోపలికి దిగాలి. రసమట్టం పెట్టి చూసి, దిగిన చోట కొయ్య పలుచని ముక్కలతో ఎత్తు సరిచేయాలి. అతుకుల్లో లప్పం పూసి, ఆరిన తరువాత ఉప్పుకాగితంతో రుద్దాలి. ఇలా చేసిన నేల అడుగు పడినప్పుడు కొద్దిగా లొంగి, మళ్ళీ పైకి లేస్తుంది. తాకిడిలో కొంత భాగాన్ని తాను తీసుకుంటుంది. నాటక రంగస్థలం మీద ఇటువంటి నేల చేసే చప్పుడు అడ్డు కావచ్చు. ముందే ముద్రించిన పాటకు ఆ చిక్కు లేదు.

తరువాతది రంగు. కొన్ని పాటలకు అంచులేని ఆకాశం వంటి నేపథ్యం కావాలి. దానికోసం గోడ, నేల కలిసేచోట మూల కనిపించకుండా ప్లైవుడ్, ప్లాస్టర్‌లతో వంపు తీర్చి, రెండింటికీ ఒకే రంగు వేస్తారు. ఈ నిర్మాణాన్ని సైక్లోరమా అంటారు. ఆ వంపు లోపల బోలుగా ఉంటుంది గనుక దాని మీద కాలు పెట్టకూడదు. రంగు వేసేవారు గోడ దగ్గర మొదలుపెట్టి తలుపు వైపు వెనక్కి వస్తారు. పూర్తిగా ఆరేవరకు ఎవరూ అడుగు పెట్టరాదు. పచ్చిరంగు జారుతుంది, పైకి ఆరినట్లుండి లోపల ఆరని రంగు మరింత మోసం చేస్తుంది. ఆరిన నేల మీద గుడ్డలు పరచి, చిత్రీకరణకు ముందే వాటిని తీస్తారు. నిగనిగలాడే నేల దీపాలను అద్దంలా చూపుతుంది. మెరుపులేని నేల వెలుగును మింగుతుంది. దేనిని ఎంచుకోవాలో ఛాయాగ్రాహకుడు, కళాదర్శకుడు, నృత్యదర్శకుడు కలిసి నిర్ణయించాలి. కంటికి ఇంపైన మెరుపు కాలికి ప్రమాదం కావచ్చు గనుక నృత్యదర్శకుని మాటను తోసిపుచ్చరాదు.

నేల మీద పాకే మరొక ప్రమాదం విద్యుత్తు. పాతకాలపు 5 కిలోవాట్ల దీపం ఒక్కటి 230 వోల్టుల వద్ద దాదాపు 22 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. మన ఇళ్ళలోని పెద్ద ప్లగ్గు సామర్థ్యం 16 ఆంపియర్లు మాత్రమే. అటువంటి దీపాలు పది వెలిగించాలంటే విడిగా జనరేటరు, లావైన కేబుళ్ళు అవసరం. నేటి ఎల్.ఇ.డి. దీపాలు చాలా తక్కువ విద్యుత్తుతో పనిచేసినా జాగ్రత్తలు తప్పవు. కేబుళ్ళను గోడ పక్కగా నడపాలి. మనుషులు దాటే చోట వాటిపై రబ్బరు కప్పు వేయాలి. చుట్టగా ఉన్న కేబులు భారం పడితే వేడెక్కుతుంది గనుక పూర్తిగా విప్పి పరచాలి. భూసంధానం ఉన్నదో లేదో పరీక్షించాలి. పాటలో వాన కురిపించవలసి వస్తే ఈ జాగ్రత్తలు రెట్టింపు కావాలి.

జాగ్రత్త నేల వరకే పరిమితం కాదు. నేల మోసే బరువునూ ఆలోచించాలి. చెన్నై సమీపంలోని ఒక చిత్రీకరణ స్థలంలో 2020 ఫిబ్రవరి 19న క్రేన్ కూలి సిబ్బందిలో ముగ్గురు మరణించారు. తెర మీద పేరు కనబడినా కనబడకపోయినా, అక్కడ పనిచేసే ప్రతి మనిషీ సాయంకాలం క్షేమంగా ఇల్లు చేరాలి. ఏ పాట అందమూ ఒక ప్రాణానికి సాటిరాదు.

అన్నీ ముగిసిన తరువాత చివరి పరీక్ష మిగిలి ఉంటుంది. మెత్తని చీపురుతో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత ఒకరు చెప్పులు విడిచి నేలంతా నడిచి చూడాలి. కంటికి కనబడని మేకు, పేడు, ఇసుకరేణువు అరికాలికి తెలుస్తాయి. ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టిన చోట పడిన నీటినీ పెంకునూ మరచిపోరాదు. కూచిపూడి నర్తకులు ఆడబోయేముందు నేలకు నమస్కరిస్తారు. తమ పాదఘాతాన్ని భరించబోయే భూమిని మన్నించమని కోరడం అందులోని భావం. నేలను శుభ్రపరచి, చదునుచేసి, పరీక్షించడం కూడా చేతులతో చేసే నమస్కారమే.

నేడు పాట చిత్రీకరించడానికి మహానగరపు స్టూడియోకే వెళ్ళనక్కరలేదు. ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో నలుగురు విద్యార్థులు కలిసి, తమ ఊరి కోలాటాన్నో చెక్కభజననో కల్యాణమండపంలో సెల్‌ఫోనుతో చిత్రించగలరు. పరికరం చిన్నదైనంత మాత్రాన నేల పట్ల బాధ్యత చిన్నది కాదు. మండపాల్లోని పాలరాతి, గ్రానైటు పలకలు తడిస్తే జారుతాయి. వాటిపై పరచే తివాచీ అంచులు కాలికి తగులుతాయి. వాటిని టేపుతో అతికించాలి. ఎగిరే అడుగులను తగ్గించుకోవాలి, లేదా అడుగున మందమైన చాపలు వేసి కదలకుండా బిగించాలి. ఒకే ప్లగ్గుకు అన్ని దీపాలూ తగిలించరాదు. ఎవరు ఎక్కడ నిలవాలో ముందే గుర్తులు పెట్టుకోవాలి.

ఉదయగిరి దుర్గం కింద కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే కళాకారులు ఉన్నారు. నర్ది, కలివి వంటి కర్రను చెక్కి, రూపు తీర్చి, చివరకు ఎంతో ఓపికగా నునుపు పట్టిస్తారు. చెంచాతో తినేవారు నగిషీని మెచ్చుకుంటారే తప్ప, పెదవికి పేడు గుచ్చుకోకుండా చేసిన ఆ నునుపును తలచుకోరు. కల్లం అలికిన రైతు, చెంచా నునుపు చేసిన కళాకారుడు, ఫ్లోరు సిద్ధం చేసిన కార్మికుడు ఒకే కోవకు చెందినవారు. ముగ్గురి శ్రమా ఇంకొకరి పనిలో కలిసిపోతుంది. ఇకమీదట తెరపై ఒక మంచి పాట చూసినప్పుడు ఒక్క క్షణం నర్తకి పాదాల వైపు కూడా చూడండి. ఆమె నిర్భయంగా ఎగరగలుగుతున్నదంటే, దిగే చోటు భద్రమైనదని ఎవరో ముందే నడిచి చూసి ఉంటారు.