సమను చేరిన రైతు కోర్టుకు జవాబు చెప్పుకొను విధము

సివిల్ కోర్టు సమను చేతికందిన దినమున మన రైతులలో పెక్కుమంది చేయు పని యొక్కటే. ఆ కాగితమును మడిచి పెట్టెలో దాచి, "కుప్ప నూర్చిన పిమ్మట చూచుకొందము" అని పొలమునకు వెడలుదురు. కోర్టు గడువులు మన కార్తెల ననుసరించి నడువవు. అదను తప్పిన నాటువలెనే గడువు తప్పిన జవాబు కూడ ఫలమీయదు. నిజముగా తీర్చిన బాకీకే మరల డిక్రీ పడి పొలము జప్తునకు వచ్చు దురవస్థకు ఈ యాలస్యమే తరచుగా మూలము. ప్రదర్శన క్షేత్రములకై మేము గ్రామములు తిరుగునపుడు, ఎరువులను గూర్చి అడుగువారితోపాటు సమను కాగితము చేతబట్టి "దీనికేమి చేయవలెనండీ" అని అడుగువారును కనబడుచున్నారు. మేము వకీళ్లము కాము. వారు చేయవలసిన పని చేయజాలము. అయినను వకీలు నొద్దకు పోవుటకు ముందు రైతు తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు. వానిని ఇచ్చట క్రమముగా వివరింతుము.

వాదపత్రము, జవాబుపత్రము

మన దేశములో సివిల్ దావాలు 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడు ననుసరించి నడుచును. ఇది 1909 జనవరి 1వ తేదీనుండి అమలులో నున్నది. 1976, 1999, 2002 సంవత్సరముల చట్టములచే ముఖ్యమైన సవరణలు పొందినది. దావా వేయువాడు వాది. ఎవరిమీద వేయబడినదో వాడు ప్రతివాది. వాది తన కోరికను, దానికాధారమైన సంగతులను వ్రాసి దాఖలుచేయు పత్రమునకు ప్లెయింటని పేరు. దానిని మనము వాదపత్రమందము. దానికి ప్రతివాది యిచ్చు రిటన్ స్టేటుమెంటును జవాబుపత్రమందము. ఈ రెండును కలిసి ప్లీడింగు లనబడును. కోడులోని 6వ ఆర్డరు రెంటికిని సామాన్యములగు నియమములను, 7వ ఆర్డరు వాదపత్రపు నియమములను, 8వ ఆర్డరు జవాబుపత్రపు నియమములను తెలుపును.

ఈ పత్రముల కింత ప్రాధాన్య మెందులకని రైతు అడుగవచ్చును. ఒకరు చెప్పి మరియొకరు కాదన్న సంగతులనే న్యాయాధిపతి వివాదాంశములుగా ఏర్పరచును. సాక్ష్యము వానిమీదనే నడుచును. పత్రములో వ్రాయని సంగతిని పిమ్మట బోనులో నిలిచి ఎంత గట్టిగా చెప్పినను కోర్టు లెక్కలోనికి తీసికొనదు. విత్తని పైరును కోయజాలము గదా! విచారణ మొదలైన తరువాత పత్రమును సవరించుకొనవలెనన్న, తగిన శ్రద్ధ వహించినను అంతకుముందు ఆ సంగతి చెప్పుకొనలేకపోతిమని కోర్టును నమ్మింపవలసి యుండును. కావున మొదటనే సరిగా వ్రాయించుకొనుట మేలు.

పత్రములో వ్రాయవలసినవి ముఖ్యమైన సంగతులు, సాక్ష్యము కాదు. "2024 మే 5వ తేదీన నలుబదివేల రూపాయలు చెల్లించితిని" అనునది సంగతి. ఆ సమయమున అరుగుమీద ఎవరెవరు కూర్చుండిరో, వారేమనిరో అదంతయు సాక్ష్యము. దానికి వేరు సమయము కలదు. సంగతులను వరుస నంబరులు గల పేరాలుగా వ్రాయవలెను. తేదీలను, మొత్తములను అంకెలలోను అక్షరములలోను చూపవలెను. మోసము జరిగినదని చెప్పువారు "నన్ను మోసగించిరి" అని ఊరకొనరాదు. ఎవరు, ఏ తేదీన, ఏమి చెప్పి ఏమి వ్రాయించుకొనిరో వివరింపవలెను.

గడువు

సమనుతోపాటు వాదపత్రపు నకలు కూడ ప్రతివాదికి అందవలెను. సమను అందిన నాటినుండి ముప్పది దినములలో జవాబుపత్రము దాఖలుచేయవలెనని 8వ ఆర్డరు మొదటి రూలు చెప్పుచున్నది. తగిన కారణమున్నయెడల కోర్టు ఆ కారణమును వ్రాసి మొత్తముమీద తొంబది దినములవరకు గడువీయవచ్చును. సామాన్యపు దావాలలో మిక్కిలి అసాధారణమైన పరిస్థితులందు తొంబది దినములు దాటినను కోర్టు అనుమతింపవచ్చునని సుప్రీంకోర్టు 2005వ సంవత్సరమున కైలాశ్, నన్కూ కేసులో తీర్పు చెప్పినది. దాని నమ్ముకొని కాలము గడుపుట వెర్రితనము. ఆ దయ అరుదు. 2015వ సంవత్సరపు చట్టము క్రిందికి వచ్చు వాణిజ్య దావాలలో నూటయిరువది దినములు దాటినచో జవాబు చెప్పు హక్కే పోవును.

సమను పుచ్చుకొననని తలుపు వేసికొనుట వలన లాభము లేదు. అట్లు నిరాకరించినయెడల కోర్టు బంట్రోతు నకలును ఇంటి తలుపునకు అంటించి వెళ్లును. కోర్టు విచారించి సమను అందినట్లే ప్రకటింపవచ్చును. మరియొక హెచ్చరిక: ప్రామిసరీ నోటు దావాలు కొన్ని 37వ ఆర్డరు క్రింద సంక్షిప్త విచారణకై వేయబడును. అందు పది దినములలోనే హాజరు కావలెను. ఆ మీదట వాదించుకొనుటకు కోర్టు అనుమతి వేరుగా పొందవలెను. కావున సమనులో ఏ ఆర్డరు క్రింద పిలిచిరో మొదట చదివించుకొనవలెను.

కాదనుట యెట్లు

జవాబుపత్రములో ఎక్కువ పొరపాట్లు జరుగు చోటిది. "వాది చెప్పినదంతయు అబద్ధము" అని మొత్తముగా కాదనుట చెల్లదు. వాదపత్రములోని ఒక్కొక్క పేరాను తీసికొని, ఇది నిజము, ఇది కాదు, దీనిని ఒప్పుకొనను అని వేరువేరుగా చెప్పవలెను. స్పష్టముగా కాదనని సంగతిని ప్రతివాది ఒప్పుకొన్నట్లే కోర్టు భావించును. మైనర్లు, మతిస్థిమితము లేనివారు మొదలగువారి విషయములో మాత్రము ఈ నియమము వర్తింపదు. ఇతరుల విషయములోను రుజువు కావలెనని కోర్టు అడుగవచ్చును గాని, అది కోర్టు ఇష్టము.

డొంకతిరుగుడుగా కాదనుటయు పనికిరాదు. ఒక ఉదాహరణ చెప్పుదుము. ఒక రైతు తనవద్ద లక్ష రూపాయలు పుచ్చుకొనెనని వాది వ్రాసెననుకొందము. రైతు నిజముగా పుచ్చుకొన్నది అరువదివేలు. "నేను లక్ష రూపాయలు పుచ్చుకొనలేదు" అని మాత్రమే వ్రాసినయెడల మాట నిజమైనను జవాబు చాలదు. ఏమాత్రమును పుచ్చుకొనలేదనియైన చెప్పవలెను, లేదా ఇంత పుచ్చుకొంటినని ఆ మొత్తమునైన చూపవలెను. "నేను పుచ్చుకొన్నది అరువదివేలే; మిగిలిన నలుబదివేలు పుచ్చుకొనలేదు" అనుటయే సరియైన జవాబు. నిజమును కొంత ఒప్పుకొన్నంత మాత్రమున కేసు చెడునని భయపడ పనిలేదు. ఉన్నది ఉన్నట్లు ఒప్పుకొన్నవాని కాదనుటకు బలము హెచ్చును.

ప్రతివాది తానై చెప్పుకొనవలసినవి

కాదనుటతో పని ముగియదు. వాదికి ప్రతికూలములై ప్రతివాదికి అనుకూలములగు కొత్త సంగతులను ప్రతివాదియే ప్రత్యేకముగా వ్రాసికొనవలెను. బాకీ తీర్చుట, వాది బాకీని వదలుకొనుట, మోసము, కాలదోషము మున్నగునవి ఇట్టివి.

చెల్లింపును గూర్చి తేదీ, మొత్తము, చెల్లించిన తీరు వ్రాసి, నోటు వెనుక చెల్లు, రశీదు, బ్యాంకి లెక్క మొదలగువానిని జవాబుతోపాటు దాఖలుచేయవలెను. ఆనాడు దాఖలుచేయని కాగితమును పిమ్మట చూపుటకు కోర్టు అనుమతి కావలెను.

కాలదోషమును గూర్చి రైతులకు గల తలపులలో కొంత తప్పు కలదు. 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము అడిగినపుడు ఇయ్యవలసిన నోటుమీద దావాకు నోటు తేదీనుండి మూడేండ్లు గడువు. 2022 జూన్ 10వ తేదీ నోటునకు మామూలుగా 2025 జూన్ 10వ తేదీతో గడువు తీరును. కాని ఆ మధ్యలో, 2024 మే 5వ తేదీన, బాకీదారు కొంత చెల్లించి, తన చేతి వ్రాతతో గాని తన సంతకముతో గాని చెల్లు వేసినయెడల, ఆనాటినుండి మరల మూడేండ్లు లెక్కకు వచ్చును. గడువు తీరకముందు బాకీ నొప్పుకొనుచు సంతకముచేసి యిచ్చిన ఉత్తరమునకును ఇదే ఫలము. కాలదోషము పట్టిన దావాను ప్రతివాది చెప్పకున్నను కోర్టే కొట్టివేయవలసి యుండును. అయినను ఆ సంగతిని వ్రాసికొనుట మరువరాదు.

ఖాళీ నోటుమీద సంతకము చేయు అలవాటు మన గ్రామములలో నింకను పోలేదు. సంతకము తనదని ఒప్పుకొన్నచో, సొమ్ము పుచ్చుకొనియే నోటు వ్రాసి యిచ్చినట్లు 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము 118వ సెక్షను ప్రకారము కోర్టు మొదట ఊహించుకొనును. కాదని చూపు భారము ప్రతివాదిది. కావున సంతకము నాది గాని సొమ్ము పుచ్చుకొనలేదనువాడు, ఆ సంతకము ఏ సందర్భమున చేసెనో జవాబులోనే వివరింపవలెను.

ఎదురు బాకీ

అప్పిచ్చిన వర్తకుడే మన ధాన్యము కొని ఇరువదియైదువేల రూపాయలు బాకీయుండిన, ఆ మొత్తమును దావాలో తగ్గింపుమని అడుగవచ్చును. మొత్తము నిర్ణయమైనదియు, చట్టప్రకారము వసూలు కాదగినదియునై యుండవలెను. ఇట్లుగాక వాదిమీద తనకుగల వేరు హక్కును ఎదురుదావాగా అదే కేసులో వేయుటకును 1976 సవరణచే వీలు కలిగినది. దానికి కోర్టు ఫీజు చెల్లింపవలెను. ఒకే విచారణలో రెండు తగవులును తీరుట వలన కాలము, ధనము కలిసివచ్చును.

జవాబుపత్రము చివర ప్రతివాది సంతకము చేసి, ఏ పేరాలలోని సంగతులు తాను స్వయముగా ఎరిగినవో, ఏవి విని నమ్మినవో ధ్రువపరుపవలెను. ప్రమాణపత్రము కూడ జతచేయవలెను. చదువురానివారు పత్రమును మొదలునుండి తుదివరకు చదివించుకొని విని మరి వ్రేలిముద్ర వేయవలెను. ఖాళీ కాగితముపై సంతకము సాహుకారు నొద్ద ఎంత ప్రమాదమో, కోర్టు ఆవరణలోను అంతే ప్రమాదము.

జవాబు ఈయనిచో

వాయిదానాడు హాజరు కాకున్నను, జవాబు దాఖలుచేయకున్నను కోర్టు ఏకపక్షముగా తీర్పు చెప్పవచ్చును. ఆ డిక్రీని రద్దుచేయుమని 9వ ఆర్డరు 13వ రూలు క్రింద కోరవచ్చును. డిక్రీ తేదీనుండి ముప్పది దినములు గడువు. సమను సరిగా అందనిచో డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి ముప్పది దినములు. సమను అందలేదనియో, హాజరు కాలేకపోవుటకు తగిన కారణమున్నదనియో నమ్మింపవలెను. పంట పనులవలన రాలేకపోతిననుట తగిన కారణముగా చెల్లుట కష్టము. సొమ్ము డిక్రీని వాది పండ్రెండేండ్లలోపల ఎప్పుడైనను అమలు కోరవచ్చును. బ్రతుకుతెరువునకు కావలసిన పనిముట్లు, పశువులు, విత్తనపు గింజలు, రైతు నివసించు ఇల్లు కోడులోని 60వ సెక్షను ప్రకారము జప్తు కారాదు. సొంత పట్టాభూమికి ఆ సెక్షనులో అట్టి రక్షణ లేదు.

వకీలును పెట్టుకొను శక్తి లేనివారు నిరాశపడ నక్కరలేదు. 1987వ సంవత్సరపు న్యాయ సేవల సంస్థల చట్టము ప్రకారము స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, వికలాంగులు, నిర్ణీతమైన ఆదాయమునకు లోబడినవారు మొదలగువారికి ఉచితముగా వకీలు దొరకును. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీ కార్యాలయమున అడుగవలెను. ఉభయులకును సమ్మతమైనచో లోక్ అదాలతులో రాజీపడవచ్చును. ఆ రాజీ డిక్రీతో సమానము. దానిమీద అప్పీలు లేదు గాన ఆలోచించియే సంతకము చేయవలెను.

సంఘ సభ్యులు గుర్తింపవలసిన భేద మొకటి కలదు. సభ్యునికిని సంఘమునకును సంఘ వ్యవహారమును గూర్చి వచ్చు తగాదాలు సివిల్ కోర్టుకు పోవు. అవి 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము 61వ సెక్షను క్రింద రిజిస్ట్రారుకు నివేదింపబడును. అచ్చటినుండి నోటీసు వచ్చినను ఇదే శ్రద్ధతో, రశీదులతో, గడువులోపల జవాబు చెప్పుకొనవలెను.

సమను అందిన తేదీని దానిమీదనే వ్రాసికొనుడు. ఆ వారములోనే రశీదులన్నియు సమకూర్చి వకీలును చూడుడు. వాదపత్రమును పేరా పేరాగా చదివించుకొని ఏది నిజమో ఏది కాదో గురుతు పెట్టించుకొనుడు. సొమ్ము చెల్లించిన ప్రతిసారియు రశీదు పుచ్చుకొనుడు. బాకీ పూర్తిగా తీరిననాడు నోటును వెనుకకు తీసికొనుడు. విత్తనములను పురుగు పట్టకుండ దాచుకొనునంత జాగ్రత్త ఈ కాగితములయెడ వహించినచో, చెమటోడ్చి సంపాదించిన భూమి మన బిడ్డల చేతులలో నిలుచును.