చెఱువులోని పరదేశపు కలుపు

పెరటిలో కలుపు మొలచిన నాడే పీకివేయు గృహిణికి, ఊరి చెఱువులో కలుపు పెరిగినచో దానిని తీయించుట యెవరి పని యను ప్రశ్న తోచకపోదు. సర్కారువారి పనియే యని పలువు రందురు. నిజమే. కాని ఆ సొమ్ము ఎట్లు వ్యయమగునో, వ్యయమైన పిదప కలుపు మరల ఏల మొలచునో సోదరీమణులు తెలిసికొనదగినదని మేము తలంచుచున్నాము.

పూర్వము వాయల్పాడని పిలువబడిన వాల్మీకిపురము, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములకు జీవనదులు లేవు. వానలే చెఱువులకు ముఖ్యాధారము. చెఱువు నిండిన యేడు బావులలో నీరూరును. నిండని యేడు బిందె పట్టుకొని దూరము నడువవలసినది ఆడువారే.

ఇట్టి చెఱువులకు దాపురించిన మొక్కలలో ఒకటి సర్కారు తుమ్మ. దీని కథ మన సీమలోనే ఆరంభమైనది. జమైకా దీవి విత్తనములు తెప్పించి 1877లో కడప మండలమందలి కమలాపురమున నాటిరి. వాయల్పాడు, మదనపల్లె తాలూకాలును 1911 వఱకు ఆ మండలములోనివే. వంటచెఱకు కొఱత తీరునని ప్రభుత్వమే దీనిని పెంచినది. పేరులోనే ఆ సంగతి నిలిచియున్నది. మేకలు, పసులు కాయలు తిని గింజలు వెదజల్లగా, కట్టలమీదను నీరింకిన చెఱువు గర్భములోను అది అడవియై నిలిచినది. వేళ్ళు లోతునకు దిగి నీరు పీల్చును. ముండ్లు పూడికతీతకు అడ్డు. అయినను దీనిని తిట్టుటకు ముందొక మాట. పేదయిండ్ల పొయ్యిలో చిరకాలము మండినది ఈ కంపయే; దీని బొగ్గులు కాల్చి బ్రతికిన కుటుంబములును కలవు. చెఱువులో కంప కొట్టించునపుడు ఆ కట్టె యెవరికి చెందవలెనో ముందుగా నిర్ణయింపకున్న, నష్టపడునది కట్టెలేరుకొను స్త్రీయే.

రెండవది గుఱ్ఱపుడెక్క. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతము దీని పుట్టినిల్లు. ఊదాపూవు చక్కదనమునకు మురిసి దేశదేశములకు కొనిపోయిరి. అనుకూలమైన నీటిలో రెండు వారములకే రెట్టింపగును. గింజ బురదలో పదునైదు, ఇరువది యేండ్లు చావక పడియుండును. మన యిండ్ల మురుగునీరు దీనికి పాలవంటిది. దట్టముగా క్రమ్మినచోట క్రింది నీటికి వెలుతురును గాలియు అందక చేపలు చచ్చును. మన్సోనియా యను దోమ పిల్లలు దీని వేళ్ళ నంటుకొని గాలి పీల్చును. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయు దోమలలో అదియు నొకటి.

దీనితో ప్రభుత్వములు పడిన పాట్లు క్రొత్తవి కావు. అమెరికా శాసనసభ 1899లోనే నదులలోని యీ మొక్కను తీయుటకు సైన్యపు ఇంజనీర్లను నియోగించినది. వంగ రాష్ట్రము 1936లో దీనికై ప్రత్యేక శాసనమే చేసెను. దారి మూసికొనిపోయినప్పుడెల్ల పెద్దయెత్తున తీయించుటకంటె, కొంచెముగా నున్నప్పుడే విడువక తీయించుచుండుట చౌకయని ఫ్లోరిడావారు అనుభవముమీద గ్రహించిరి. రోజూ ఇల్లూడ్చువారికి ఇది వింతగా తోచదు!

మన దేశమున సరస్సుల పరిరక్షణకై 2001లో ఒక కేంద్ర పథకము వచ్చెను. 2013లో దానిని చిత్తడినేలల పథకముతో కలిపిరి. సాధారణ రాష్ట్రములందు వ్యయములో నూటికి 60 పాళ్ళు కేంద్రమును, 40 పాళ్ళు రాష్ట్రమును భరించునట్టి యేర్పాటది. రాష్ట్రము ప్రతిపాదన పంపినగాని సొమ్ము రాదు. పల్లె చెఱువులకు జరిగినవి చాలవఱకు మట్టిపనులే: 2005 నాటి ఉపాధి హామీ శాసనము క్రింద పూడికతీత, తెలంగాణములో 2015న ఆరంభమైన మిషన్ కాకతీయ మొదలగునవి. ఈ పనులకు అంచనా సాధారణముగా ఒక్కమాఱే వేయుదురు. గింజ యిరువది యేండ్లు బ్రదుకును, అంచనా ఒక యేటితో ముగియును. చిక్కంతయు నిక్కడనే యున్నదని మా యభిప్రాయము.

కలుపును తినుటకు ముక్కుపురుగులను విడుచుట మఱియొక మార్గము. అమెరికానుండి తెప్పించిన వానిని బెంగళూరు చెఱువులలో 1983, 1984 సంవత్సరములందు విడువగా, కొన్నిచోట్ల గుఱ్ఱపుడెక్క చాల తగ్గినది. పురుగులు తామే వృద్ధియగును గనుక ఖర్చు స్వల్పము. కాని మన చెఱువులు పెక్కు వేసవిలో ఎండును. అప్పుడు మొక్కతోపాటు పురుగును నశించును, గింజ మాత్రము మిగులును. కావున ఇక్కడ తొలకరికి మొలచిన లేతమొక్కను చేతితో తీయించుటయే మేలు.

ఆంధ్రప్రదేశమున 1997 నాటి శాసనముచే నీటి వినియోగదారుల సంఘము లేర్పడినవి. ఆయకట్టులో తమ పేర భూమిగల స్త్రీలును వానిలో సభ్యులే. అంచనా చదివి వినిపించునప్పుడు వారు నోరు విప్పి యడుగవచ్చును: మొదటి యేటి కూలి సరే, తరువాతి ఐదేండ్లకు మొలకలు పీకుటకు ఎంత వ్రాసినారు? తీసిన కలుపును కట్టమీదనే కుప్పవేయుదురా, వానకు మరల నీటిలో పడనంత దూరము తోలింతురా? పూతకు ముందు తీసి గుంటలో కుళ్ళబెట్టినచో అది మంచి యెరువగును. ఆ గుంట త్రవ్వు కూలియు అంచనాలోనే చేర్పించవలయును.