పాత బండికి కొత్త చోకు వైరు

డిసెంబరు, జనవరి మాసములలో మన పల్లెలలో కోడికూత తరువాత వినబడు శబ్దము కిక్కు శబ్దమే. పాలకేంద్రమునకు పోవలసినవారు, మొదటి బస్సు అందుకొనవలసినవారు, జ్వరముతో ఉన్న బిడ్డను నకిరేకల్‌కో సూర్యాపేటకో తీసికొనిపోవలసినవారు మంచులో నిలబడి కిక్కు కొట్టుచుందురు. పది కొట్టినా ఇంజను పలుకదు. ఇంట్లోనుండి ఒకరు వచ్చి, “చోకు పెట్టినవా?” అని అడుగుదురు. పెట్టినామనే జవాబు వచ్చును. లివరు తిప్పిన మాట నిజమే. అయితే లివరు తిరిగినంత మాత్రమున చోకు పడినట్టు కాదు. ఆ రెంటి మధ్య ఒక సన్నని వైరు ఉన్నది. ఈ నెల ఆ వైరును గూర్చి వ్రాయుచున్నాము.

క్రొత్త బండ్లు ఉన్నవారికి ఈ సంగతి అక్కరలేకపోవచ్చును. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశములో బి.ఎస్. 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన తరువాత మోటారుసైకిళ్లలో చాలవరకు కార్బ్యురేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షను పద్ధతి వచ్చినది. వాటికి చోకు లేదు. కాని కేతేపల్లి చుట్టుపట్ల గ్రామములలో పాత బుల్లెట్లు, ఎజ్డీలు, రాజ్‌దూత్‌లు ఇంకను తిరుగుచునే ఉన్నవి. బుల్లెట్టు విషయమే చూడుడి. 1955లో ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు వారు మద్రాసు మోటార్సు వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను పెట్టి, మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో వాటిని చేయింప మొదలుపెట్టిరి. తండ్రి నడిపిన బుల్లెట్టును కొడుకు నడుపుచున్న ఇండ్లు మన సంఘములలోనే కొన్ని ఉన్నవి.

అట్టి ఇల్లు ఒకటి కేతేపల్లికి దగ్గరలో ఉన్నది. తండ్రి సెకండ్‌హ్యాండులో కొని ఎన్నో ఏండ్లు నడిపిన బుల్లెట్టు అది. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత బండి కొడుకు చేతికి వచ్చినది. కొంత కాలమునుండి అది నల్లటి పొగ వదులుచున్నది, పెట్రోలు విపరీతముగా త్రాగుచున్నది, ప్లగ్గు మార్చిన వారమునకే మసి పట్టుచున్నది. ఒక షాపులో చూపగా ఇంజను బోరు చేయించవలెనని, పిస్టను మార్చవలెనని చెప్పిరట. అది వేలలో ఖర్చు. ఆ ఖర్చు పెట్టుటకంటె పాత ఇనుము వ్యాపారికి తూకము వేసి ఇచ్చివేయుట మేలని కొడుకు అనుకొన్నాడు. మేము వారి ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు తల్లి ఈ మాట ఎత్తినది.

“అయ్యగారూ, అది మా ఆయన బండి. మీ యాత్రలకు గూడ దాని మీదనే ఎన్నిసార్లు దింపిండు! దాన్ని ఇనుము లెక్కల ఇస్తనంటున్నడు వీడు.”

“పెట్రోలు పైసలు నేను ఎక్కడ తేవాలె అమ్మా?” అన్నాడు కొడుకు.

ఇద్దరి మాటలోనూ న్యాయము ఉన్నది. అందుచేత ముందుగా బండి రోగమేమో చూచెదమని అందరము బయటికి వచ్చితిమి.

పొగ రంగు చూచుట మొదటి పని. ఇంజనులోనికి ఆయిలు చేరి కాలినయెడల పొగ నీలముగా వచ్చును. అప్పుడు పిస్టను రింగులను, బోరును అనుమానింపవలెను. పెట్రోలు ఎక్కువై కాలినయెడల పొగ నల్లగా వచ్చును. ఈ బండిది నల్ల పొగ. అయితే హ్యాండిల్ మీద ఉన్న గాలి లివరు తిప్పినప్పుడు చేతికి ఏ బరువూ తగులలేదు, ఒట్టిగా ఊగినది. వైరు లోపల తెగియున్నదని అప్పుడే తెలిసినది.

వైరు తెగితే చోకు పడకుండా పోవలెను గదా, ఎక్కువ పెట్రోలు ఎందుకు పోవునని ఎవరైనా అడుగవచ్చును. ఇక్కడనే చాలమంది తడబడుదురు. మన పొయ్యిలో తడి పిడకలు ఉన్నప్పుడు ఎక్కువ కిరసనాయిలు పోయుదుము గదా, చల్లని ఇంజను సంగతియు అట్టిదే. వేడెక్కిన ఇంజనుకు బరువులో ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి సరిపోవును. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలులో కొంత భాగమే ఆవిరిగా మారును, మిగిలినది తడిగా గోడలకు అంటుకొనును. కాబట్టి కొద్దిసేపు గాలి తగ్గించవలెను, లేదా పెట్రోలు పెంచవలెను.

ఈ రెండు మార్గములలో చోకులు రెండు రకములు. పాత ఆమల్ కార్బ్యురేటరులో గాలిదారిని మూసే ఒక చిన్న పలక ఉండును. స్ప్రింగు దానిని క్రిందికి నెట్టుచుండును, వైరు పైకి లాగుచుండును. అనగా వైరు బిగువుగా ఉన్నప్పుడు దారి తెరచియుండును. వైరు తెగినచో పలక క్రిందపడి చోకు ఎల్లప్పుడు వేసినట్టే ఉండిపోవును. ఆ ఇంటి బండికి జరిగినది ఇదే. రెండవ రకము తరువాత వచ్చిన కార్బ్యురేటర్లలో కనబడును. అందులో వైరు ఒక చిన్న ముక్కను పైకి ఎత్తగా అదనపు పెట్రోలుదారి తెరచుకొనును. దీనిలో వైరు తెగినచో చోకు అసలు పడదు, చలిలో కిక్కులు కొట్టి అలసిపోవుదుము. అదే వైరు తుప్పుపట్టి పైకి లాగిన చోటనే ఇరుకుకొన్నచో మరల నల్లపొగ, పెట్రోలు నష్టము. కొన్ని బండ్లకు చోకు లివరు కార్బ్యురేటరు మీదనే ఉండును, వైరు ఉండదు. కాబట్టి మొదట మీ బండికి ఏది ఉన్నదో చూచుకొనుడి.

వైరు అన్నది చిన్న వస్తువేగాని దాని వెనుక గొప్ప ఆలోచన ఉన్నది. 1896లో ఎర్నెస్ట్ మొనింగ్టన్ బౌడెన్ అను ఆయన దీనికి పేటెంటు తీసికొనెను. పైన స్ప్రింగువలె చుట్టిన ఉక్కు గొట్టము, లోపల పేని వేసిన సన్నని ఉక్కు తీగ. పై గొట్టము నొక్కుకొనిపోదు, లోపలి తీగ సాగదు. కాబట్టి వంపులు తిరిగినా లాగుడు అవతలి కొనకు చేరును. మన ఊరి సైకిలు షాపులో బ్రేకు వైరుగా దొరకునది ఈ వస్తువే. మెకానిక్కులు పైదానిని ఔటరు అని, లోపలిదానిని ఇన్నరు అని అందురు.

ఆ వైరును మేము, ఆ సహోదరుడు కలిసి మార్చితిమి. చేసిన విధము వివరముగా వ్రాయుచున్నాము, ఎందుకనగా మన పాఠకులలో పానా పట్టగలవారు చాలమంది ఉన్నారు.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత బండిని ఆరుబయట నిలుపవలెను. పెట్రోలు ట్యాపు మూయవలెను. బీడీ, దీపము, పొయ్యి దగ్గర ఉండరాదు. పిల్లలను దూరముగా ఉంచవలెను. పాత వైరు ఏ దారిన పోయినదో, ఎక్కడెక్కడ క్లిప్పులు ఉన్నవో బాగుగా చూచుకొనవలెను. పాత వైరు కార్బ్యురేటరు వైపు కొనకు ఒక గట్టి పురికొస కట్టి, హ్యాండిల్ వైపునుండి మెల్లగా లాగినచో పురికొస ట్యాంకు క్రిందినుండి అదే దారిన వచ్చి నిలుచును. తరువాత క్రొత్త వైరును ఆ పురికొసకే కట్టి వెనుకకు లాగవచ్చును. ట్యాంకు విప్పు శ్రమ చాలసార్లు తప్పును.

కార్బ్యురేటరు పైమూతను విప్పుటకు ముందు చుట్టునున్న దుమ్మును బట్టతో తుడువవలెను. మన ఎర్రమట్టి రేణువు ఒకటి లోపల పడినా జెట్టు మూసికొనిపోవును. మూత ఎత్తగా ఆక్సిలరేటరు పలక, దాని సూది, చోకు పలక కలిసి పైకి వచ్చును. సూది వంగకుండా పట్టుకొనవలెను. చోకు పలక మీది స్ప్రింగును వ్రేళ్లతో నొక్కిపట్టి, నిపుల్‌ను దాని గాడిలోనుండి ప్రక్కకు జరిపినచో పాత వైరు ఊడును. నిపుల్ అనగా తీగ కొనకు పోసిన ఇత్తడి బొడిపె.

అచ్చముగా ఆ బండికే చేసిన వైరు దొరకినచో అంతకంటె మంచిది లేదు. హైదరాబాదు పుత్లీబౌలిలో పాత బండ్ల సామాను అమ్ము దుకాణములు ఉన్నవి. పాత వైరును వెంట తీసికొనిపోయి ప్రక్కప్రక్కన పెట్టి చూచి కొనవలెను. పేరు చెప్పి కొనరాదు. దొరకనిచో సైకిలు బ్రేకు ఔటరు, అందులో వదులుగా పారు సన్నని ఇన్నరు తీసికొని చేయించవచ్చును. ఇందులో కొలతలు రెండు. ఒకటి ఔటరు పొడవు. రెండవది, ఔటరును ఒక కొనకు పూర్తిగా నెట్టినప్పుడు రెండవ కొనన బయట మిగులు ఇన్నరు పొడవు. ఈ రెండవ కొలత తప్పితే వైరు ఎంత అందముగా ఉన్నా పనికిరాదు.

నిపుల్‌ను ఇన్నరుకు టంకము వేయు పద్ధతిలో ఒక కిటుకు ఉన్నది. తీగను కోయవలసిన చోట మొదటనే టంకము పూసి అప్పుడు కోయవలెను, లేనిచో పేనులు విడిపోవును. తీగను నిపుల్‌లోనికి ఎక్కించి, పైకి వచ్చిన కొనను పువ్వువలె కొద్దిగా విప్పార్చి, ఆ గుంటలో టంకము నింపవలెను. నూనె ఉన్నచోట టంకము అంటదు. మరీ కాల్చినయెడల ఉక్కు తీగ బలము పోవును. ఆ తరువాత కొనను ఒకచోట బిగించి గట్టిగా లాగి చూడవలెను. ఊడునదైతే ఇంటిలోనే ఊడవలెను. ఈ టంకము పని పెట్రోలుకు బహుదూరముగా జరుగవలెను. మరతో బిగించు నిపుల్‌లు కూడ దొరకును, అవి దారిలో ఆపదకు మంచివేగాని శాశ్వతముగా నమ్మదగినవి కావు.

ఎక్కించుటకు ముందు వైరుకు నూనె పెట్టవలెను. పై కొనకు చిన్న ప్లాస్టిక్ సంచిని గరాటువలె దారముతో కట్టి, పలుచని మెషీను ఆయిలు పోసి, రాత్రంతా వ్రేలాడదీసినచో ఉదయమునకు క్రింది కొననుండి చుక్కలు పడును. కొందరు వంటింటిలోని వేరుశనగ నూనె పోయుదురు. అది కొన్నాళ్లకు జిగురుగా మారి వైరును పట్టివేయును, దానికంటె నూనె పెట్టకుండుటయే నయము. లోపల నైలాన్ గొట్టము ఉన్న వైరుకు నూనె అంతగా అవసరము లేదు.

తిరిగి బిగించునప్పుడు ఆక్సిలరేటరు పలకకు కోసియున్న అంచు గాలి వచ్చు వైపునకు ఉండవలెను, సూది జెట్టు రంధ్రములోనికి తనంతట తానే దిగవలెను. బలవంతము చేయరాదు. మూత బిగించిన తరువాత ఇంజను స్టార్టు చేయకముందే ఆక్సిలరేటరు త్రిప్పి వదలి, పలక టక్కున క్రిందికి పడు శబ్దము వినవలెను. ఆ శబ్దము రానిచో కిక్కు కొట్టరాదు. ఇంజను ఒక్కసారిగా అరచి, బండి చేతిలోనుండి పోవు ప్రమాదమున్నది. తరువాత ఫిల్టరు తీసి గాలిదారిలోనికి చూచితిమి. లివరు ఒకవైపు త్రిప్పగా చోకు పలక పూర్తిగా దిగినది, రెండవ వైపు త్రిప్పగా పూర్తిగా పైకి పోయి దారి తెరచినది. సగము తెరచినచో సర్దుబాటు మరను త్రిప్పుకొనవలెను. రెండవ రకము చోకులో అయితే లివరు మూసియున్నప్పుడు వైరుకు రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఉండవలెను. వదులు లేనిచో లోపలి ముక్క పూర్తిగా కూర్చొనక పెట్రోలు కారుచునే యుండును. దాని ప్లాస్టిక్ మరను వ్రేళ్లతోనే బిగించుడి, పట్టుకారు పెట్టినచో పగులును.

చివరకు హ్యాండిల్‌ను ఎడమకు కుడికి పూర్తిగా త్రిప్పి, వైరు ఎక్కడా బిగుసుకొనుట లేదని, సైలెన్సరుకు తగులుట లేదని చూచితిమి. ప్లగ్గు మసి గీకి పెట్టితిమి. మూడవ కిక్కుకు బండి పలికినది. మొదట కొంత నల్లపొగ వచ్చి, అది పోయిన తరువాత శబ్దము కుదురుకొన్నది. ఆ తల్లి గడపలోనే నిలబడి వినుచుండెను. అమ్మకము మాట ఇంకను పూర్తిగా ముగియలేదు, ఎందుకనగా టైర్లు కూడ అరిగియున్నవి. కాని బోరు ఖర్చు మాత్రము తప్పినది.

చోకు పడని బండిని చలిలో లేపుటకు కొందరు ప్లగ్గు విప్పి లోపల పెట్రోలు పోయుదురు, కార్బ్యురేటరు నోటికి పెట్రోలుతో తడిపిన గుడ్డ అడ్డుపెట్టుదురు. ఇంజను వెనుకకు కొట్టినచో ఆ గుడ్డ అంటుకొని చేతులు, ముఖము కాలును. ఒక వైరు ఖరీదుకు ఇట్టి సాహసము వలదు. ఇంట్లో పెద్దవారు చిన్నవారికి ఈ మాట గట్టిగా చెప్పవలెను.

ఇంకొక సంగతి. పాత బండికి వింటేజి రిజిస్ట్రేషను చేయించవచ్చునా అని ఆ సహోదరుడు అడిగినాడు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటిన బండ్లకు అది వర్తించును. అయితే అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుటకు తప్ప ప్రతిదిన రాకపోకలకు వాడరాదు. పొలమునకు, ఆసుపత్రికి, ఆరాధనకు పోవలసిన బండికి మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకొని, గడువు తీరినప్పుడు అయిదేండ్లకొకసారి పొడిగించుకొనుట సరియైన మార్గము.

విప్పిన పాత వైరును ఆ సహోదరుడు పెంటమీద వేయబోగా మేము ఆపితిమి. తెగినదైనను దాని ఔటరు పొడవు సరిగానే ఉన్నది. దానిని చుట్టచుట్టి, ఒక టంకము వేసిన క్రొత్త ఇన్నరుతో కలిపి, సీటు క్రింది టూలు పెట్టెలో పెట్టించితిమి.