కొండవాగులలోని నర్తించు కప్పలు

పడమటి కనుమల వాగుల వెంబడి ఎగువకు పోవువారు జలపాతమును చూచి మరలుదురు. దాని చెంతనే తడిరాతిపై బొటనవ్రేలంత మగకప్ప యొకటి వెనుకకాలు చాచి ఆడించుచుండును. నీటిహోరులో కూత వినబడుట కష్టము గనుక, ప్రత్యర్థులను కాలితోడను హెచ్చరించును. ఎంత చక్కని యుపాయము! వీనిలో ఒక రకమునకు చిక్కమగళూరు జిల్లాలోని కొట్టిగెహార పేరే పెట్టిరి. 14 క్రొత్త రకములను 2014లో శాస్త్రజ్ఞులు వర్ణించిరి. ఒక రకపు తోకకప్పలు వాగు అడుగున ఇసుకలో, గులకరాళ్ళలో దాగి పెరుగునని 2016లో వెల్లడియైనది. విహారమునకు వచ్చిన పిల్లలు ఆ రాళ్ళను పెల్లగించుట వానికి ఇల్లు కూల్చుటయే.

తలిదండ్రులు మరియొకటి గమనింపవలెను. ఇరుకులోయపై ఆకాశము నిర్మలముగా నున్నను, ఎగువకొండలపై వాన కురిసినచో వాగు హఠాత్తుగా పొంగును. నీరు బురదరంగు దాల్చినను, ఆకులు, పుల్లలు కొట్టుకొని వచ్చినను, సామానుకై చూడక పిల్లలతో వెంటనే మెరక కెక్కవలెను.