ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య

ఆదివారం ఆరాధనలో మన పక్కన కూర్చునే సహోదరీల్లో ఎంతమంది బిడ్డ పుట్టాక ఉద్యోగం మానుకున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. "పిల్లను చూసుకోవడానికి మానేసింది" అని తేలిగ్గా అనేస్తాం. లెక్క వేసి చూద్దాం. బట్టల షాపులో నెలకు పన్నెండు వేలకు పనిచేసే తల్లి ఉందనుకుందాం. డే కేర్‌కు అయిదు వేలు, ఆటోకు రెండు వేలు పోతే చేతికి మిగిలేది అయిదు వేలు. బిడ్డకు జ్వరమొచ్చి సెలవులు పెట్టిన నెలలో అదీ ఉండదు. ఇంట్లో అమ్మో అత్తగారో ఉంటే గట్టెక్కుతుంది. లేకపోతే మానేస్తుంది.

చట్టం లేకపోలేదు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ చెప్పింది. మంచిదే. కానీ మన సంఘాల్లో చాలామంది స్త్రీలు కూలి పనుల్లో, ఇళ్లలో, చిన్న కొట్లలో ఉంటారు. అక్కడ 50 మంది ఎక్కడినుంచి వస్తారు?

ఇక అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న మొదలైన ఈ ఏర్పాటు ఉచితం, దాదాపు ప్రతి ఊళ్లో ఉంది. అయితే పిల్లల్ని కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడేళ్లు నిండాకే. అంతకన్నా చిన్నవాళ్లకు ప్రధానంగా అందేది ఇంటికిచ్చే పోషకాహారం, టీకాలు, బరువు చూడటం. అంటే సెలవు ముగిసే ఆరో నెలకూ, అంగన్‌వాడీ చేర్చుకునే మూడో ఏటికీ మధ్య రెండున్నరేళ్ల ఖాళీ. బిడ్డను క్షణం వదలలేని వయసు అదే, డే కేర్ ఎక్కువ అడిగే వయసూ అదే.

ఈ ఖాళీని పూడ్చడానికే కేంద్రం 'పాల్నా' పథకం కింద ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అంగన్‌వాడీలకు సంరక్షణ కేంద్రాలను జోడిస్తోంది. ఉన్న అవసరం ముందు అవి చాలా తక్కువ. ప్రతి ఊళ్లో, రుసుము లేకుండా, తల్లి పనివేళలకు సరిపడేలా ఉండాలని మనం అడగాలి. బడి ఉచితమైనప్పుడు బడికి ముందటి ఏళ్లు ఎందుకు కాకూడదు?

"తల్లే కదా చూసుకోవాలి" అనే పెద్దలు మనలో ఉన్నారు. ఆ తల్లి కూలితోనే పొయ్యి వెలుగుతున్న ఇళ్లు వారికి తెలియనివి కావు.

ఇది సంఘానికి కొత్త పనేమీ కాదు. 1770 ప్రాంతంలో అల్సాస్ కొండల్లో వాల్డర్స్‌బాక్ అనే పేద పల్లెలో లూథరన్ పాస్టర్ ఓబెర్లిన్ పసిపిల్లల బడులు నడిపించారు. సారా బాంజే, లూయీజ్ షెప్లర్ లాంటి పల్లె యువతులే అక్కడ పిల్లల్ని చూసుకున్నారు, అల్లిక నేర్పారు.

మన ఆరాధన మందిరాల పక్క హాళ్లు సోమవారం నుంచి శనివారం దాకా చాలాచోట్ల తాళం వేసే ఉంటాయి. మంచినీళ్లు, మరుగుదొడ్డి, గట్టి ప్రహరీ ఉన్న హాలైతే చాలు, మీ అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌తో సంఘ పెద్దలు ఈ వారమే మాట్లాడవచ్చు. చూసుకునే స్త్రీలకు మాత్రం జీతం ఇవ్వాలి. సేవ పేరుతో వారిచేత ఊరికే చేయించుకోవద్దు.